పెచ్చులూడే సీలింగు: పూతకు ముందు వేసుకోవాల్సిన లెక్కలు

పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గదికి సీలింగు 120 చదరపు అడుగులు. పాత పూతంతా రాల్చేసి, ఒకటికి నాలుగు పాళ్ల మాలుతో 8 మిల్లీమీటర్ల మందాన కొత్తగా పూయాలనుకోండి. తాపీ మీంచి జారి కిందపడే దాన్ని కూడా కలుపుకుంటే సిమెంటు 40 కిలోలు, ఇసుక నాలుగు ఘనపుటడుగులు పడుతుంది. ఒక్క బస్తా తెస్తే ఇంకా పది కిలోలు మిగులుతుంది. సరుకు ఇంతే. అయినా చల్లపల్లిలోనూ, చుట్టుపక్కల డెల్టా ఊళ్లలోనూ పాత ఇళ్లవాళ్లు ఇదే గదికి మళ్లీ మళ్లీ మేస్త్రిని పిలుస్తూనే ఉంటారు. పూసిన రెండు మూడు వానాకాలాలకు అదే చోట, లేదా దాని పక్కనే, మళ్లీ పెచ్చు లేస్తుంది.

పూత అనేది పైకప్పులో చిట్టచివరి అరంగుళం. జబ్బు దాని పైన ఉంటుంది. పైన ఉన్నది ఏమిటో తెలుసుకోకుండా కింద పూసే ప్రతి పూతా దండగే. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఆ పైనున్న దాని గురించే.

మీది సున్నం కప్పా, స్లాబా?

చల్లపల్లి దేవరకోట సంస్థానానికి కేంద్రం. యార్లగడ్డ వారి కోట ఇప్పటికీ ఊళ్లో ఉంది. ఆ కాలంలో కలిగిన కుటుంబాలు మేడ కట్టుకుంటే, మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా వాడుకలో ఉన్న మద్రాసు టెర్రస్ పద్ధతే దిక్కు. సుమారు అడుగున్నర ఎడంలో టేకు దూలాలు పరుస్తారు. వాటి మీద అంగుళం మందం మాత్రమే ఉండే చిన్న ఇటుకల్ని నిలబెట్టి, ఏటవాలు వరసల్లో సున్నంతో పేరుస్తారు. ఆ పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపిన కాంక్రీటు పోసి రోజుల తరబడి దిమ్మిస కొడతారు. దాని మీద పలక పెంకులు, గచ్చు. మొత్తం మందం దాదాపు 8 అంగుళాలు, బరువు చదరపు మీటరుకు సుమారు 360 కిలోలు. కింద నుంచి చూస్తే దూలాలు, వాటి మధ్య సున్నపు పూత కనిపిస్తాయి.

రెండో రకం మనందరికీ తెలిసిన డాబా. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేల ప్రాణాలు తీసుకుపోయాక, ఈ ప్రాంతంలో స్లాబు అంటే ప్రాణరక్షణ అనే భావం బలపడింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో పాకలు, పెంకుటిళ్లు ఉన్న చోట స్లాబులు లేచాయి. నాలుగంగుళాల స్లాబు చదరపు మీటరుకు 250 కిలోలు తూగుతుంది. 1980లో పోసిన స్లాబు వయసు ఇప్పుడు 45 ఏళ్ల పైమాటే. ఇవాళ ఊరూరా పెచ్చులు రాలుతున్నవి చాలావరకు ఈ తరం కప్పులే.

యూట్యూబులో పాత సీలింగు మరమ్మతు అని వెతికితే ఇంగ్లండు, అమెరికా ఇళ్ల వీడియోలు వస్తాయి. అక్కడ సన్నటి చెక్క బద్దలు వరసగా కొట్టి, వాటి సందుల్లోకి సున్నం మాలు దూరేలా పూస్తారు. ఊడిన పూతను చిన్న ఇనుప బిళ్లలు పెట్టి, స్క్రూలతో మళ్లీ బద్దలకు బిగిస్తారు. మన రెండు రకాల కప్పుల్లోనూ ఆ బద్దలు లేవు. ఆ వీడియోలు చూసి స్లాబులోకి స్క్రూలు దించితే ఊచలకు తడి చేరే దారులు కొత్తగా తెరిచినట్టే.

ఒకే గాలి, రెండు ఫలితాలు

సున్నపురాయి 100 కిలోలు తీసుకుని 900 డిగ్రీల దాకా కాలిస్తే, 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఎగిరిపోయి 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. 18 కిలోల నీళ్లు తాగి అది 74 కిలోల తడిసున్నం అవుతుంది. గోడకో, కప్పుకో పూశాక, పోయిన ఆ 44 కిలోల వాయువును గాలిలోంచి మెల్లగా తిరిగి పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. నెలకు ఒక మిల్లీమీటరు లోతు చొప్పున గట్టిపడుతుందని స్థూలంగా చెబుతారు. అరంగుళం పూత పూర్తిగా రాయి కావడానికి ఏడాది పడుతుందన్న మాట. సున్నపు కప్పుకు గాలి పోషణ.

స్లాబులోకీ అదే వాయువు వెళుతుంది, కానీ అక్కడ పని తిరగబడుతుంది. కొత్త కాంక్రీటుకు క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 12.5కి పైన ఉంటుంది. ఆ క్షారంలో ఉన్నంత కాలం ఊచకు ఒక పలుచని రక్షణ పొర ఉంటుంది, తుప్పు పట్టదు. వాయువు లోపలికి దిగిన మేరా కాంక్రీటులోని సున్నం రాయిగా మారిపోతూ పీహెచ్ 9 కిందికి పడిపోతుంది. ఆ హద్దు ఊచను తాకిన రోజున రక్షణ పోయినట్టే. కాంక్రీటు మాత్రం చూడటానికి ఎప్పటిలాగే గట్టిగా ఉంటుంది, అందుకే మనకు తెలియదు.

ఎన్నేళ్లకు తాకుతుందో లెక్కించవచ్చు. లోతు కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. మధ్యరకం కాంక్రీటులో తొలి ఏడాది 4 మిల్లీమీటర్లు దిగుతుందనుకుందాం. ఊచ కింద ఉండే కాంక్రీటు మందం, అంటే కవరింగు, 15 మిల్లీమీటర్లుంటే 14 ఏళ్లకు తాకుతుంది. 20 ఉంటే 25 ఏళ్లకు. 30 ఉంటే 56 ఏళ్లకు. కవరింగు రెండింతలైతే ఆయుష్షు నాలుగింతలు. మన కాంక్రీటు నిబంధన ఐఎస్ 456, 1978 నాటి రూపంలో స్లాబుకు 15 మిల్లీమీటర్లు చాలని ఒప్పుకుంది. 2000 నాటి రూపంలో మామూలు పరిస్థితుల్లో 20, తీరప్రాంతంలో ఉప్పుగాలికి చాటున ఉన్న చోట కనీసం 30 అడిగింది. అయినా కవరింగు బిళ్ల పెట్టకుండా ఊచను సెంట్రింగు చెక్క మీదే పడేసి పోసిన స్లాబులకు ఈ అంకెలేవీ వర్తించవు. అక్కడ కవరింగు 5 మిల్లీమీటర్లే ఉండొచ్చు. అంటే ఏడాదిన్నర.

ఉప్పు సంగతి ఇంకా కఠినం. డెల్టాలో చాలా చోట్ల బోరు నీళ్లు చప్పగా ఉండవు. ఉప్పులోని క్లోరైడు ఊచను చేరితే పీహెచ్ బాగున్నా తుప్పు మొదలవుతుంది. ఊచలున్న కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. సముద్రపు నీళ్లలో అది 19,000. అంటే శుద్ధమైన నీళ్లు వంద లీటర్లు తీసుకుని వాటిలో రెండున్నర లీటర్ల పైచిలుకు సముద్రపు నీళ్లు కలిస్తే చాలు, ఆ హద్దుకు వచ్చేసినట్టే. నాలుక మీద ఆ ఉప్పు అంతగా తెలియకపోవచ్చు. అందుకే మరమ్మతు మాలుకైనా, తడపడానికైనా బోరు నీళ్లు కాకుండా మంచినీళ్ల ట్యాంకు నీళ్లో, కాలువ నీళ్లు తేర్చినవో వాడమని గట్టిగా చెబుతాను. గదికి కావలసింది నాలుగైదు డ్రమ్ములే.

పైన వేలాడుతున్న బరువు

ఇనుము తుప్పుగా మారితే రెండు నుంచి ఆరు రెట్ల చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికి కింద ఉన్న కవరింగు ముందు ఊచ వెంబడి సన్నని గీతగా చిట్లుతుంది. తర్వాత లోపల పలకలా విడిపోతుంది. పూతా, కవరింగూ కలిసి ఊడిన ఒక చదరపు అడుగు పెచ్చు, 27 మిల్లీమీటర్ల మందాన, 6 కిలోల దాకా తూగుతుంది. పదడుగుల ఎత్తు నుంచి మంచం మీద పడేసరికి దాని వేగం గంటకు 25 కిలోమీటర్లు, పట్టే సమయం ముప్పావు సెకను కూడా లేదు. కింద పసిపిల్లలు పడుకునే గది అయితే మరమ్మతు తర్వాత సంగతి, ఆ రాత్రికే మంచం జరపాలి.

ఎక్కడ విడిపోయిందో చెవి చెబుతుంది. పరంజా మీద నిలబడి చిన్న సుత్తితో అడుగడుగునా తట్టుకుంటూ పోవాలి. అతుక్కుని ఉన్న చోట గట్టి శబ్దం, విడిపోయిన చోట డొల్ల శబ్దం. డొల్ల వచ్చిన చోటల్లా సుద్దతో గీత గీయాలి. పెచ్చు రాలిన చోటు జానెడే ఉన్నా, గీసిన గీత చాలాసార్లు మూరెడు వెడల్పు వస్తుంది. మేస్త్రితో బేరం ఈ గీతను చూసి ఆడాలి. రాలిన చోటును మాత్రమే కొలిచి ఒప్పుకుంటే పని సగంలో ఆగుతుంది.

ఇంకో పరీక్ష పదో తరగతి సైన్సు ల్యాబులో ఉండే ఫినాఫ్తలీన్‌తో చేస్తారు. స్లాబు అడుగున అప్పుడే కొట్టిన గాయం మీద, దుమ్ము ఊదేసి, ఆ ద్రావణాన్ని చిమ్మితే, క్షారం ఇంకా ఉన్న కాంక్రీటు కళ్లెదుటే ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది. క్షారం పోయిన భాగం బూడిద రంగులోనే ఉండిపోతుంది. రెండింటి మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఊచ ఆ గీతకు గులాబీ వైపు ఉంటే స్లాబుకు ఇంకా ఆయువుంది. బూడిద వైపు ఉంటే ఇవాళ తుప్పు కనపడకపోయినా ఆ గదిలో మిగతా ఊచలకూ అదే గతి దగ్గర పడిందని అర్థం. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత సమాచారం ఇచ్చే పరీక్ష ఇల్లు బాగు చేయడంలో మరొకటి లేదు. ఉప్పు ఎంతుందో తెలియాలంటే మాత్రం కాంక్రీటు పొడి తీసి ల్యాబుకు పంపాల్సిందే. ఘనపు మీటరుకు 0.6 కిలోల క్లోరైడు దాటకూడదని మన నిబంధన.

ఇక ఊచ. తుప్పు ఉల్లిపొరల్లా ఊడి వస్తుంటే, వైర్ బ్రష్షుతో మెరుపు కనిపించేదాకా రుద్దాక మిగిలిన మందం కొలవాలి. వర్నియర్ లేకపోతే కంసాలి దగ్గరో, మోటారు మెకానిక్ దగ్గరో దొరుకుతుంది. 8 మిల్లీమీటర్ల ఊచ 7కు తగ్గిందంటే పోయింది ఒక్క మిల్లీమీటరే అనిపిస్తుంది, కానీ బలమిచ్చే అడ్డుకోత 23 శాతం పోయింది. 6కు తగ్గితే 44 శాతం. అయిదో వంతు దాటి పోతే పక్కన కొత్త ఊచ కట్టాల్సిందేనని ఇంజనీర్లు సాధారణంగా చెబుతారు. ఆ కొత్త ఊచ, పాతది బాగున్న భాగం పక్కన తన మందానికి కనీసం 50 రెట్ల పొడవు, అంటే 40 సెంటీమీటర్లు ఆనాలి. పాత కాంక్రీటు నాసిగా ఉంటే ఇంకొంచెం. మూడు మీటర్ల ఊచలు పది వేసినా ఇనుము 12 కిలోలే. ఇక్కడా సరుకు ఖర్చు చిన్నదే. పెద్దది చెక్కే కూలి, పరంజా, ఓపిక.

చెక్కడం ఊచ కింది దాకా వచ్చి ఆగిపోకూడదు. ఊచ వెనక కూడా 20 నుంచి 25 మిల్లీమీటర్ల దాకా, వేలు చుట్టూ తిరిగేలా, తవ్వాలి. తుప్పు పైభాగాన మిగిలిపోతే కొత్త పూతను అదే మళ్లీ తోసేస్తుంది. అంత లోతు చెక్కేటప్పుడు స్లాబు కింద ముందుగా జాకీలో, సరివి కర్రలో నిలబెట్టాలి. దీనికి మాత్రం మినహాయింపు లేదు. గదంతా ఒకేసారి కాకుండా పట్టీలు పట్టీలుగా తవ్వడం మేలు.

తర్వాత ఊచకు తుప్పు నిరోధక పూత, పాత కాంక్రీటుకు అంటు పూత, ఆపైన పాలిమర్ కలిపిన మాలు. సిమెంటు బరువులో 10 నుంచి 20 శాతం, బస్తాకు 5 నుంచి 10 కిలోల లేటెక్స్ పడుతుంది. డబ్బా మీద రాసిన మోతాదును తగ్గించొద్దు. ఒక్కో వరస 10, 12 మిల్లీమీటర్లకు మించకూడదు, తలకిందులుగా నిలవాలి కాబట్టి. మామూలు మాలును పది రోజులు తడిపితే, ఈ పాలిమర్ మాలును ఒకటి రెండు రోజులు తడిగా ఉంచి తర్వాత గాలికి ఆరనివ్వాలి. రెండింటికీ ఒకే పద్ధతి పాటించి చెడగొట్టుకుంటున్న ఇళ్లు ఎక్కువ.

ఇంకో చేదు నిజం కూడా ఉంది. ఉప్పు పట్టిన స్లాబులో ఒక చోట మాత్రమే శుభ్రంగా బాగు చేస్తే, ఆ మచ్చ చుట్టూ ఉన్న పాత భాగంలో తుప్పు ఇంతకు ముందు కన్నా వేగంగా సాగుతుంది. ఇన్నాళ్లూ తుప్పు పట్టి పక్క ఊచను కాపాడిన భాగం ఇప్పుడు బాగుపడిపోయింది కాబట్టి, ఆ పాత్ర పక్కదానికి వస్తుంది. మచ్చ పక్కనే కొత్త పెచ్చు లేవడానికి చాలాసార్లు కారణం మేస్త్రి పనితనం కాదు, ఇదే.

డాబా మీద టన్నులు

కృష్ణా డెల్టాలో ఏడాదికి సుమారు మీటరు వాన పడుతుంది. ముప్పై, నలభై అడుగుల డాబా మీద అది 1,11,000 లీటర్లు. ఇందులో ఏ కాస్త నిలిచినా లోపలికి దిగుతుంది. నీళ్లు తూముకు పోవాలంటే నూటికి ఒకటైనా వాలు కావాలి, ముప్పై అడుగుల దూరానికి మూడున్నర అంగుళాల పైచిలుకు. పిట్టగోడ మూల పగుళ్లు, తూము నోరు, పైన మొలిచిన రావి మొక్క, వీటి పని అయ్యాకే కింది పూత. క్రమం తిరగబడితే డబ్బు రెండుసార్లు పోతుంది.

కారుతోందని ప్రతిసారీ పైన ఇంకో పొర పోయడం మన ఊళ్లలో బాగా పాతుకుపోయిన అలవాటు. మూడంగుళాల ఇటుక ముక్కల కాంక్రీటు చదరపు మీటరుకు 135 కిలోలు. ఈ డాబా అంతటా పోస్తే 15 టన్నులు. మనుషులు తిరిగే డాబా మీద జనానికీ సామానుకీ నిబంధన వదిలే బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. తుప్పు పట్టి సన్నబడ్డ ఊచల మీద ఆ మిగులంతా ఒకే పొరతో తినేస్తున్నామన్న మాట. కొత్త పొర వేయాలంటే పాతది తీసేయాలి. కారే చోటు కనుక్కోవడానికి నీళ్లు కట్టి చూసే పరీక్షలోనూ ఇదే జాగ్రత్త. రెండంగుళాల నీళ్లంటే చదరపు మీటరుకు 50 కిలోలు, పెచ్చులూడే స్లాబు మీద కింద దన్ను లేకుండా ఆ పని చేయకూడదు.

ఉప్పూ, పైన పెంచిన బరువూ కలిస్తే ఏమవుతుందో అమెరికాలోని మయామీ నగరం 1974లో చూసింది. ఒక ప్రభుత్వ కార్యాలయ భవనం కప్పు కూలి ఏడుగురు చనిపోయారు. ఉప్పు ఇసుక వల్ల తుప్పు పట్టిన ఊచలు, కప్పు మీది వాహనాల పార్కింగుకు కొత్తగా వేసిన పొరలు అందుకు కారణమని తేల్చారు. ఆ తర్వాతే ఆ ప్రాంతంలో 40 ఏళ్లు నిండిన భవనాలను ఇంజనీరు తప్పనిసరిగా పరీక్షించాలన్న నియమం వచ్చింది. 2021లో అక్కడికి దగ్గర్లోని సర్ఫ్‌సైడ్‌లో అపార్టుమెంటు కూలి 98 మంది పోయాక, మరుసటి ఏడాది ఫ్లోరిడా రాష్ట్రం బహుళ అంతస్తుల అపార్టుమెంట్లకు ఆ గడువును 30 ఏళ్లకు, సముద్రానికి మూడు మైళ్లలోపు ఉంటే 25 ఏళ్లకు తగ్గించింది. మన డాబాకు అలా గడువు గుర్తు చేసేవాళ్లు లేరు. ఇంటి యజమానే ఆ తేదీ పెట్టుకోవాలి.

సున్నం కప్పుకు సిమెంటు వద్దు

మద్రాసు టెర్రస్ ఉన్నవాళ్లకు పై లెక్కల్లో డాబా మీది నీళ్ల సంగతి తప్ప మిగతావేవీ పనికిరావు. అక్కడ ఊచ లేదు. ప్రాణమంతా టేకు దూలంలో, ముఖ్యంగా గోడలో దాగిన దాని కొసలో ఉంది. సున్నం తడిని పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తుంది కాబట్టి కొయ్య ఆరుతుంది. మధ్యలో సిమెంటు పూస్తే తడి బయటికి రాలేక దూలం వైపు తిరుగుతుంది. చెదలకు అదే కావాలి. పైగా సిమెంటు పూత బిగుసుకుపోయి ఊడేటప్పుడు పాత ఇటుక ముఖాన్ని కూడా పీక్కుని వస్తుంది.

అందుకని దూలం కొసను సన్నని మేకుతో పొడిచి చూడటం మొదటి పని. మేకు తేలిగ్గా దిగితే వడ్రంగిని పిలవాలి, తాపీ మేస్త్రిని కాదు. దూలం బాగుంటే డొల్ల పూతను మాత్రమే రాల్చి, వారాల ముందే నానబెట్టిన సున్నంతో, సున్నం ఒకటికి ఇసుకో ఇటుక పొడో రెండు పాళ్లు కలిపి, పలచని వరసలుగా పూయాలి. పాతవాళ్లు గానుగ పట్టిన సున్నంలో కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు పోసేవారు. వరసకూ వరసకూ మధ్య తొందర పనికిరాదు, నెలకు మిల్లీమీటరు అన్న లెక్క ఇక్కడ గుర్తుండాలి. సున్నం పని తెలిసిన చేతులు ఈ జిల్లాలో తగ్గిపోతున్నాయి. అలాంటి మేస్త్రి ఒకరు దొరికితే ఆయన చెప్పిన కూలికి బేరమాడకండి.

ఫాల్స్ సీలింగు సంగతి రెండు మాటల్లో. జిప్సం పలక చదరపు మీటరుకు 8, 9 కిలోలే, బరువుతో పేచీ లేదు. కానీ జిప్సం లీటరు నీళ్లకు 2 గ్రాములకు పైగా కరుగుతుంది, కారే కప్పు కింద అది నిలవదు. అంతకన్నా పెద్ద నష్టం, ఊచల తుప్పు కంటికి కనపడకుండా పోవడం. స్లాబు బాగుచేశాక పెట్టుకుంటే మీ ఇష్టం, ముందు మాత్రం వద్దు.

పని మొదలుపెట్టడానికి సంక్రాంతి వెళ్లిన వారం మంచిది. ఈశాన్య రుతుపవనాల తడి ఆరి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. కొటేషన్ అడిగేటప్పుడు మొత్తం గదికి ఇంత అని కాకుండా, చెక్కడం చదరపు అడుగుకు, ఊచలు కిలోకు, లేటెక్స్ డబ్బాకు, దన్ను కర్రలు రోజుకు అని విడివిడిగా రాయించుకోండి. డొల్ల శబ్దం వచ్చిన భాగం సీలింగులో మూడో వంతు దాటినా, పగులు దూలం దాకా పాకినా, స్లాబు మధ్యలో కుంగినట్టు కనిపించినా, మేస్త్రి కంటే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరు రావాలి. ఆ లోగా చిట్లిన గీత రెండు కొసల్లోనూ పెన్సిలుతో అడ్డగీత గీసి, పక్కన తేదీ వేసి ఉంచండి. ఇంజనీరు వచ్చి అడిగే మొదటి ప్రశ్న, అది ఎన్నాళ్లలో ఎంత సాగిందనే.